ముందస్తు విరమణ, మలి కర్తవ్యం: రమేశ్ చంద్ర దత్ జీవితంలో ఒక మలుపు

బ్రహ్మచర్యం, గార్హస్థ్యం ముగిసిన పిమ్మట వానప్రస్థాన్ని విధించింది మన ప్రాచీన సంప్రదాయం. బాధ్యతలను తరువాతి తరానికి అప్పగించి, మనిషి తనకోసం, తత్త్వచింతన కోసం కొంత కాలాన్ని కేటాయించుకోవాలన్నది దాని ఆంతర్యం. ఆధునిక ప్రభుత్వ వ్యవస్థలో ఈ ఆశ్రమం పింఛను రూపం ధరించింది. అయితే సర్వీసు నిబంధనలు విరమణ ఎప్పుడో నిర్ణయిస్తాయి గాని, విరమణ తరువాత ఏమి చేయాలో నిర్ణయించవు. వయస్సు మీరకముందే, శక్తి ఉడగకముందే పదవిని వదులుకున్న వ్యక్తికి ఆ ప్రశ్న మరింత తీవ్రంగా ఎదురవుతుంది.

భారతదేశ చరిత్రలో ఈ ప్రశ్నకు చెప్పుకోదగిన సమాధానం ఇచ్చినవారిలో రమేశ్ చంద్ర దత్ ఒకరు. ఇండియన్ సివిల్ సర్వీసులో ఇరవై ఆరేళ్లు పనిచేసి, 1897లో, తన నలభై తొమ్మిదవ ఏట ఆయన స్వచ్ఛందంగా విరమించుకున్నారు. అటుపైన జీవించింది పన్నెండేళ్లు మాత్రమే. దేశం ఆయనను ప్రధానంగా గుర్తుంచుకున్నది ఆ పన్నెండేళ్ల కృషినిబట్టి కావడం విశేషం.

ముగ్గురు మిత్రులు, మూడు దారులు

రమేశ్ చంద్ర దత్ 1848 ఆగస్టు 13న కలకత్తాలో జన్మించారు. సాహిత్యాభిరుచికి, ఆంగ్ల విద్యకు పేరొందిన రాంబాగాన్ దత్ కుటుంబం ఆయనది. తండ్రి ఈశాన్ చంద్ర దత్ డిప్యూటీ కలెక్టరు. తండ్రి అకాలమరణం తరువాత పినతండ్రి శశి చంద్ర దత్ సంరక్షణలో ఆయన పెరిగారు.

1868లో రమేశ్ చంద్రుడు, సురేంద్రనాథ్ బెనర్జీ, బిహారీలాల్ గుప్తా అనే ముగ్గురు యువకులు కలిసి ఇంగ్లండుకు ఓడ ఎక్కారు. సముద్రయానం నిషిద్ధమని భావించే రోజులవి. సివిల్ సర్వీసు పరీక్ష లండనులో మాత్రమే జరిగేది. ముగ్గురూ 1869లో ఉత్తీర్ణులయ్యారు. దత్‌కు మూడవ స్థానం లభించింది. 1871లో ఆయన బారిస్టరు పట్టా కూడా పొంది, స్వదేశానికి తిరిగివచ్చి, అలీపూర్‌లో అసిస్టెంటు మేజిస్ట్రేటుగా చేరారు.

ఒకే ఓడలో వెళ్లిన ఆ ముగ్గురు మిత్రుల ఉద్యోగ జీవితాలు మూడు విధాలుగా సాగాయి. సురేంద్రనాథ్‌ను ప్రభుత్వం 1874లో సర్వీసు నుంచి తొలగించింది. ఆయన అధ్యాపకుడై, పత్రికా సంపాదకుడై, జాతీయోద్యమ నాయకుడయ్యారు. బిహారీలాల్ గుప్తా పూర్తికాలం సర్వీసులో కొనసాగి, కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి పదవిని కూడా నిర్వహించారు. మొదటివారిని ఉద్యోగమే వదిలివేసింది. రెండవవారు దానిని చివరిదాకా అంటిపెట్టుకున్నారు. తన ఇష్టంతో, తానెంచుకున్న సమయంలో దానిని వదిలినవారు దత్ ఒక్కరే. అందుచేత ఆయన విరమణలో అవమానభారం గాని, వార్ధక్యం తెచ్చిపెట్టిన అనివార్యత గాని లేదు. అది ఆలోచించి తీసుకున్న నిర్ణయం.

ఉద్యోగం నేర్పిన పాఠాలు

ఆ నిర్ణయాన్ని అర్థం చేసుకోవాలంటే, అంతకు ముందరి ఇరవై ఆరేళ్లను పరిశీలించాలి. 1874 క్షామంలో నదియా జిల్లా మెహర్‌పూర్‌లో దత్ సహాయ కార్యక్రమాలు నిర్వహించారు. 1876 అక్టోబరు 31న సంభవించిన భయంకరమైన తుపాను బాకర్‌గంజ్ తీరాన్ని ముంచెత్తినప్పుడు, దక్షిణ షాబాజ్‌పూర్ ద్వీపంలో బాధితులకు సహాయం అందించే బాధ్యత ఆయనపై పడింది. 1883లో బాకర్‌గంజ్ జిల్లా పాలనాభారం లభించింది. ఒక భారతీయునికి జిల్లా కార్యనిర్వహణాధికారం అప్పగించడం ఆనాటికి అపూర్వ విషయం. 1892లో ప్రభుత్వం సి.ఐ.ఇ. బిరుదుతో గౌరవించింది. 1894లో బర్ద్వాన్‌కు, 1895లో ఒరిస్సాకు డివిజనల్ కమిషనరుగా వ్యవహరించారు. పందొమ్మిదవ శతాబ్దంలో సివిల్ సర్వీసులోని ఏ భారతీయుడూ కార్యనిర్వహణ శాఖలో అంతకు మించిన పదవిని అందుకోలేదు. ఆ పదవి సైతం తాత్కాలిక హోదాలో లభించినదే.

కచేరీ పని ఒకవైపు సాగుతుండగా, కలం పని మరొకవైపు సాగింది. బెంగాల్ రైతుల స్థితిగతులపై 1870 దశకంలోనే ఆయన వ్యాసాలు రాశారు. శాశ్వత శిస్తు పద్ధతి జమీందారుకు రక్షణ కల్పించింది గాని, అతని కింద ఉన్న రైతుకు కల్పించలేదని వాదించారు. తన పేరులోని పొడి అక్షరాలను కలిపి 'ఆర్సీడే' అనే మారుపేరు కల్పించుకుని కొన్ని రచనలు ప్రకటించడం గమనార్హం. ప్రభుత్వాధికారి తన అభిప్రాయాన్ని సొంత పేరుతో ప్రకటించడంలో ఉన్న ఇబ్బందిని ఆ మారుపేరు సూచిస్తుంది.

బంకిం చంద్ర ఛటర్జీ ప్రోత్సాహంతో ఆయన బెంగాలీలో నవలారచన ప్రారంభించారు. 'బంగ విజేత', 'మాధవీ కంకణ్', 'మహారాష్ట్ర జీవన్ ప్రభాత్', 'రాజపుత్ర జీవన్ సంధ్య' అనే నాలుగు చారిత్రక నవలలు 1874, 1879 సంవత్సరాల మధ్య వెలువడ్డాయి. 'సంసార్', 'సమాజ్' అనేవి సాంఘిక నవలలు. ఋగ్వేదాన్ని బెంగాలీలోకి అనువదించారు. ప్రాచీన భారత నాగరికతా చరిత్రను ఆంగ్లంలో మూడు సంపుటాలుగా రచించారు. 1894లో బంగీయ సాహిత్య పరిషత్తుకు ప్రథమాధ్యక్షులయ్యారు. ఇన్ని రచనలూ జిల్లా పాలనకు మధ్య దొరికిన విరామ వేళల్లో చేసినవే.

విరమణ నిర్ణయం

సివిల్ సర్వీసులో పింఛను పొందడానికి ఇరవై అయిదేళ్ల సర్వీసు అవసరం. ముప్ఫై అయిదేళ్ల దాకా కొనసాగే వీలున్నది. దత్ కొనసాగి ఉంటే జీతం, హోదా, అధికారం అన్నీ ఉండేవి. విరమిస్తే ఉన్నత పదవిలో ఉన్న భారతీయుడొకడు తగ్గిపోతాడు. ఆ స్థానాలకు భారతీయులు అర్హులు కారని వాదించేవారికి అది ఊతమివ్వవచ్చును కూడా. ఆయన మిత్రుడు బిహారీలాల్ గుప్తా 1882లో రాసిన నివేదిక నుంచే, భారతీయ న్యాయాధికారులకు ఐరోపావారి కేసులను విచారించే అధికారాన్ని కల్పించే ఇల్బర్ట్ బిల్లు పుట్టింది. ఆ బిల్లుపై 1883లో చెలరేగిన ఆగ్రహాన్ని దత్ స్వయంగా చూశారు. కాబట్టి పదవిలో ఉండటమూ ఒక విధమైన జాతీయ సేవయే అన్న వాదానికి బలం లేకపోలేదు.

మరొక పక్షమూ ఉన్నది. కమిషనరు ఎంత ఉన్నతుడైనా, పై నుంచి వచ్చిన విధానాన్ని అమలుపరచేవాడే గాని ఆ విధానాన్ని బహిరంగంగా ప్రశ్నించగలవాడు కాడు. క్షామం వచ్చినప్పుడు గంజి కేంద్రాలు తెరవవచ్చు. క్షామం ఎందుకు వచ్చిందని పత్రికలో రాయరాదు. సాహిత్యానికి పూర్తి సమయం, ప్రజావిషయాలపై స్వేచ్ఛగా మాట్లాడే అవకాశం కావాలంటే ఉద్యోగం వదలక తప్పదని దత్ గ్రహించారు.

ఈ దారిలో ఆయన ఒంటరి కాదు. ఏ.ఓ. హ్యూమ్ 1882లో సివిల్ సర్వీసు నుంచి విరమించి, మూడేళ్లకు భారత జాతీయ కాంగ్రెసు స్థాపనకు మూలపురుషుడయ్యారు. బొంబాయి సర్వీసుకు చెందిన విలియం వెడర్‌బర్న్ 1887లో విరమించి, 1889 కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించారు. వారిద్దరికీ దత్‌కూ ఉన్న భేదమల్లా, వారు పాలక జాతికి చెందినవారు. ఈయన పాలిత జాతికి చెందినవారు. వారి విమర్శ ఔదార్యమనిపించుకొంటే, ఈయన విమర్శ కృతఘ్నత అనిపించుకొనే ప్రమాదం ఉన్నది.

లండనులో రెండవ జీవితం

1898లో దత్ లండను యూనివర్సిటీ కాలేజీలో భారతదేశ చరిత్ర ఉపన్యాసకులుగా చేరారు. లక్షలాది జనం గల డివిజనును ఏలిన అధికారికి అది చిన్న పదవి. దానివల్ల ఆయనకు ఒనగూడినవి రెండు: తీరిక, గ్రంథాలయాలు.

ప్రారంభంలో ఆయన దృష్టి సాహిత్యంపైనే నిలిచింది. మహాభారతాన్ని సంక్షిప్తంగా ఆంగ్ల పద్యాలలోకి అనువదించి 1898లో ప్రచురించారు. రామాయణం ఆ వెంటనే వెలువడింది. ఇతిహాసాలను సామాన్య ఆంగ్ల పాఠకునికి అందుబాటులోకి తేవాలన్న సంకల్పం వాటిలో కనిపిస్తుంది. పరిస్థితులు అనుకూలించి ఉంటే, ఆయన శేషజీవితం ఇటువంటి రచనలతోనే గడిచిపోయేదేమో. కాని చరిత్ర మరొక విధంగా నడిచింది. 1896–97 క్షామం నుంచి దేశం తేరుకోకముందే 1899–1900లో మరొక మహాక్షామం విరుచుకుపడింది. 1899 డిసెంబరులో లక్నోలో జరిగిన కాంగ్రెసు మహాసభకు దత్ అధ్యక్షులయ్యారు. అక్కడి నుంచి ఆయన కలం భూమిశిస్తు వైపు మళ్లింది.

విరమణ అనంతర జీవితానికి ఎంత పకడ్బందీ ప్రణాళిక వేసుకున్నా, కాలం తన అవసరాన్ని ముందుకు తెస్తుంది. యౌవనంలో మెహర్‌పూర్‌లో చూసిన క్షామమే, విశ్రాంత జీవితంలో ఆయనను మళ్లీ పిలిచింది.

విశ్రాంతాధికారుల వినతిపత్రం

1900లో దత్ వైస్రాయి లార్డ్ కర్జన్‌కు బహిరంగ లేఖలు రాసి, వాటిని గ్రంథరూపంలో ప్రచురించారు. వేర్వేరు రాష్ట్రాలలో భూమిశిస్తు ఎంత భారంగా ఉన్నదో, ఆ భారానికీ క్షామాలకూ ఉన్న సంబంధమేమిటో వాటిలో వివరించారు. వర్షాభావం పంటను నాశనం చేస్తుంది. అయితే మంచి సంవత్సరంలో రైతు చేతిలో నిల్వ మిగలనందువల్లనే చెడ్డ సంవత్సరంలో ప్రాణాలు పోతున్నాయన్నది ఆయన వాదసారం.

అదే సంవత్సరం డిసెంబరు 20 తేదీతో మరొక విశిష్టమైన పత్రం ఇండియా మంత్రికి చేరింది. దానిపై సంతకం చేసినవారు పదకొండుగురు. దాదాపు అందరూ భారతదేశంలో సివిల్ సర్వీసులోనో, న్యాయస్థానాలలోనో పనిచేసి విరమించినవారే. వారిలో వెడర్‌బర్న్, కలకత్తా హైకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి రిచర్డ్ గార్త్, దత్ ఉన్నారు. మద్రాసు రాష్ట్ర రెవెన్యూ సెటిల్మెంటు శాఖకు డైరెక్టరుగా పనిచేసిన పకిల్, తంజావూరు కలెక్టరుగా పనిచేసిన పెన్నింగ్టన్ ఉండడం తెలుగువారికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే అంశం. ఆనాటి తెలుగు జిల్లాలలో అత్యధిక భాగం మద్రాసు రాష్ట్రంలోనివే కదా. అక్కడి శిస్తు రేట్లను కట్టినవారే వాటికి హద్దు అవసరమని ఇప్పుడు కోరుతున్నారు.

వినతిపత్రంలోని కోరికలు పరిమితమైనవి, స్పష్టమైనవి. రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు చెల్లించే ప్రాంతాలలో, సేద్యపు ఖర్చులు పోగా మిగిలినదానిలో సగానికి మించి వసూలు చేయరాదు. భూస్వాములు చెల్లించే చోట కౌలులో సగానికి మించరాదు. ఒకసారి నిర్ణయించిన శిస్తును ముప్ఫై ఏళ్లలోపు సవరించరాదు. నీటిపారుదల వల్లనో, ధరల పెరుగుదల వల్లనో తప్ప శిస్తు పెంచరాదు. స్థానిక సెస్సులకు కూడా ఒక హద్దు ఉండాలి.

ప్రభుత్వం దీనిని తేలికగా కొట్టివేయలేకపోయింది. రాష్ట్ర ప్రభుత్వాల నుంచి నివేదికలు తెప్పించి, 1902 జనవరి 16న భూమిశిస్తు విధానంపై సుదీర్ఘమైన తీర్మానం వెలువరించింది. క్షామాలకు శిస్తు కారణం కాదని అందులో గట్టిగా వాదించింది. అయినప్పటికీ, పెంపును ఒక్కసారిగా కాక క్రమక్రమంగా అమలుపరచడం, పంటలు దెబ్బతిన్న ఏడు వసూలులో సడలింపు చూపడం, స్థానికంగా పరిస్థితి క్షీణించిన చోట శిస్తు తగ్గించడం వంటి సూత్రాలను అంగీకరించింది. పదవిలో ఉన్న కమిషనరు ఇటువంటి సమాధానాన్ని వైస్రాయి నుంచి రాబట్టగలిగేవాడు కాదు. పదవి విడిచిన ఉపన్యాసకుడు రాబట్టగలిగాడు.

ఆర్థిక చరిత్ర రచన

తీర్మానం వెలువడిన 1902లోనే దత్ 'భారతదేశ ఆర్థిక చరిత్ర' మొదటి సంపుటం ప్రచురితమయింది. 1757 నుంచి 1837 వరకు గల కాలాన్ని అది పరామర్శించింది. విక్టోరియా యుగానికి సంబంధించిన రెండవ సంపుటం 1904లో వచ్చింది. ఈ గ్రంథానికి ప్రధానాధారాలు బ్రిటిష్ పార్లమెంటరీ పత్రాలు, కంపెనీ అధికారుల నివేదికలు, విచారణ సంఘాల ముందు ఇచ్చిన సాక్ష్యాలు. ఆవేశపూరిత వాక్యాలకంటే అధికారుల వాక్యాలనే ఆయన ఎక్కువగా నమ్ముకున్నారు. పాలకులు రాసిపెట్టుకున్న కాగితాలనే పాలనపై సాక్ష్యంగా నిలబెట్టారు. ఇరవై ఆరేళ్లు ఫైళ్లు చదివి, ఫైళ్లు రాసిన అనుభవం లేనిదే ఆ పని ఆ విధంగా సాధ్యమయ్యేది కాదు.

మద్రాసు రాష్ట్ర చరిత్రకు ఆ గ్రంథంలో ప్రముఖ స్థానం లభించింది. ఉత్తర సర్కారుల జమీందారీ వ్యవస్థ, రైత్వారీ విధానం ఏర్పడిన తీరు అందులో చర్చకు వచ్చాయి. 1800 నుంచి 1807 వరకు దత్త మండలాల ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రోపై దత్‌కు ఎంతో గౌరవం. తాను సర్వే చేయించి కట్టిన శిస్తును 25 శాతం తగ్గించాలని మన్రో 1807లో స్వయంగా సిఫారసు చేశారు. రైతు చేతిలో కొంత మిగలాలన్న ఆ ఆలోచనను తరువాతి ప్రభుత్వం ఎంతవరకు నిలుపుకొన్నదన్నది దత్ ప్రశ్న. 1876–78 నాటి మహాక్షామంలో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు చవిచూసిన దారుణాన్ని తలచుకుంటే, ఆ ప్రశ్న తెలుగునేలకు ఎంత సన్నిహితమైనదో తెలుస్తుంది.

భారతదేశ ఆదాయం నుంచి ఏటా ఇంగ్లండుకు తరలిపోయే 'హోమ్ చార్జీల'ను దత్ తీవ్రంగా విమర్శించారు. ఆ పద్దులలో విశ్రాంత ఉద్యోగుల పింఛన్లు కూడా ఒకటి. లండనులో నివసిస్తూ సివిల్ సర్వీసు పింఛను పొందిన దత్ స్వయంగా ఆ వర్గానికి చెందినవారే. తన జీవికకు ఆధారమైన ఏర్పాటునే లెక్కగట్టి ప్రశ్నించడానికి ఆయన వెనుకాడలేదు.

తిరిగి ఉద్యోగంలోకి

దత్ కథ లండనుతో ముగియలేదు. 1904లో మహారాజా శాయాజీరావు గైక్వాడ్ ఆహ్వానంపై ఆయన బరోడా సంస్థానంలో రెవెన్యూ మంత్రిగా చేరారు. పదవిని కాదనుకొన్న వ్యక్తి మళ్లీ పదవిని స్వీకరించడం పైకి వైరుధ్యంగా తోచవచ్చు. కాని బ్రిటిష్ ఇండియాలో విమర్శకునిగా తాను కోరిన సంస్కరణలను ఒక చిన్న రాజ్యంలోనైనా ఆచరించి చూపే అవకాశం అది. పన్నుల సరళీకరణ, న్యాయ నిర్వహణాధికారాల విభజన, గ్రామ పంచాయతులు మొదలైన విషయాలలో ఆయన కృషి సాగింది. 1905లో కాశీలో జరిగిన పారిశ్రామిక మహాసభకు అధ్యక్షత వహించారు. 1907లో నియమితమైన అధికార వికేంద్రీకరణ రాయల్ కమిషనులో ఆయన ఒక్కరే భారతీయ సభ్యులు. 1909లో బరోడా దివాను అయ్యారు. ఆ సంవత్సరం నవంబరు 30న, పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆయన తరువాత ఆ దివాను పదవిని అధిష్ఠించినవారు నలభై ఏళ్ల కిందట ఆయనతో కలిసి ఓడ ఎక్కిన బిహారీలాల్ గుప్తాయే.

అదే నవంబరు నెలలో, ఇంగ్లండు నుంచి దక్షిణాఫ్రికాకు మరలుతున్న ఓడలో మోహన్‌దాస్ గాంధీ 'హింద్ స్వరాజ్' రచించారు. దత్ ఆర్థిక చరిత్రను చదివినప్పుడు తాను కన్నీరు పెట్టుకున్నానని అందులో పేర్కొన్నారు. ఆ వాక్యం అచ్చులో దత్ కంటపడే అవకాశం లేకపోయింది.

ఒక అంచనా

దత్ నిర్ణయాలన్నీ నిర్దుష్టమైనవని చెప్పలేము. క్షామాలకు శిస్తే ముఖ్యకారణమన్న ఆయన వాదం ఏకపక్షమని విమర్శకులు ఆనాడే అన్నారు. బెంగాల్ శాశ్వత శిస్తు విధానం పట్ల ఆయనకు గల ఆదరం, యౌవనంలో తానే గుర్తించిన రైతు కష్టాలను కొంత మరుగుపరచింది. అమెరికన్ చరిత్రకారుడు మోరిస్ డి. మోరిస్ 1963లో ఈ జాతీయవాద ఆర్థిక చరిత్ర మూలసూత్రాలను ప్రశ్నించగా, బిపిన్ చంద్ర, తపన్ రాయ్‌చౌధురి ప్రభృతులు 1968లో సమాధానమిచ్చారు. రచించిన అరవై ఏళ్లకు కూడా ఒక గ్రంథం చుట్టూ పండితులు వాదించుకున్నారంటే అది దాని బలానికే నిదర్శనం. 1960లో భారత ప్రభుత్వ ప్రచురణల విభాగం ఆ రెండు సంపుటాలను డి.ఆర్. గాడ్గిల్ పీఠికతో పునర్ముద్రించింది. ఒకనాటి ప్రభుత్వ విధానానికి వ్యతిరేకంగా రాసిన పుస్తకాన్ని మరొకనాటి ప్రభుత్వమే ముద్రించింది.

ముందస్తుగా విరమించినవారు సాధారణంగా రెండు తలపులతో సతమతమవుతారు. ఒకటి, చేసినదంతా మరచి కొత్త జీవితం ప్రారంభించాలన్న ఉత్సాహం. రెండవది, పదవితోపాటు తమ విలువా పోయిందన్న దిగులు. దత్ జీవితం ఈ రెండింటికీ భిన్నమైన మార్గాన్ని చూపుతుంది. ఆయన పాత వృత్తిని మరచిపోలేదు. దాని హోదాను మాత్రం వెంట తీసుకుపోలేదు. జమాబందీ లెక్కలు చదవడం, నివేదికలోని మాటల వెనుక ఉన్న విషయాన్ని పట్టుకోవడం, తుపానులో, క్షామంలో ప్రజల స్థితిని కళ్లారా చూడడం ఉద్యోగం ఆయనకిచ్చిన అసలైన ఆస్తి. ఆ ఆస్తి విరమణతో తరిగిపోలేదు. 'ఆర్సీడే' అనే మారుపేరు చాటున కొంత, కచేరీ గోడల మధ్య కొంత దాగిన విషయాన్ని సొంత పేరుతో, నలుగురిలో చెప్పే స్వేచ్ఛ మాత్రమే విరమణ ద్వారా కొత్తగా లభించింది. ఆ స్వేచ్ఛకు ఆయన చెల్లించిన మూల్యం తొమ్మిదేళ్ల జీతం, అధికారం. దేశానికి దక్కినవి రెండు సంపుటాల ఆర్థిక చరిత్ర, శిస్తు విధానంపై ప్రభుత్వం చెప్పుకోవలసివచ్చిన సంజాయిషీ.